తీర్పు తర్వాత మొదలైన కథ

న్యాయస్థానం అనగానే మనలో చాలామందికి సినిమా కోర్టే కళ్ల ముందు మెదులుతుంది. న్యాయమూర్తి సుత్తితో బల్ల మీద కొట్టి 'ఆర్డర్, ఆర్డర్' అంటారు. నల్లకోటు తొడుక్కున్న కథానాయకుడు బోను చుట్టూ తిరుగుతూ గొంతు పెంచుతాడు. చివరి నిమిషంలో ఎవరో తలుపులు తోసుకుని వచ్చి అసలు సంగతి చెబుతారు. మన కోర్టుల్లో సుత్తి కొట్టే ఆచారమే లేదు. తణుకు కోర్టు ఆవరణలో ఒక పూట గడిపిన వారికి తెలుసు, అక్కడ వినిపించే పెద్ద శబ్దం బంట్రోతు పేరు పిలిచే కేక ఒక్కటే. మిగిలినదంతా నిరీక్షణ. ప్లీడరు గుమస్తా చేతిలోని కాగితాల కట్ట, చెట్టు నీడన కూర్చున్న పల్లెటూరి మనుషులు, సాయంత్రానికి చేతికందే మరో వాయిదా తేదీ.

ఈ తేడా గురించి మేము ఇంతగా ఆలోచించడానికి కారణం ఒక పాత అమెరికన్ టీవీ సీరియల్. మా చెల్లెలి కుమారుడు న్యాయశాస్త్రం చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు 'పెర్రీ మేసన్' భాగాలు కొన్ని తెచ్చాడు. ఇషా నమాజు, భోజనాలు ముగిశాక రోజుకొకటి చొప్పున ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాము. నానీమాకు ఇంగ్లీషు రాదు. మనుమరాలు పక్కన కూర్చుని ప్రతి మాటా తెలుగులో చెబుతుండేది. బొమ్మ నలుపు తెలుపు. పాటలు లేవు, కొట్లాటలు దాదాపు లేవు. పిల్లల ముందు చూడలేని దృశ్యం ఒక్కటీ మాకు ఎదురుకాలేదు. కూర్చుని వాదించుకునే మనుషులను చూస్తూ కూడా ఇంతమంది కదలకుండా ఉండగలరని మాకు అప్పుడే తెలిసింది.

ఆ సీరియల్ 1957 నుండి 1966 వరకు అమెరికాలో ప్రసారమైంది. మొత్తం 271 భాగాలు. పెర్రీ మేసన్ అనే వకీలు పాత్రను రేమండ్ బర్ పోషించారు. ఆ పాత్రను సృష్టించిన ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ స్వయంగా వకీలు. కాలిఫోర్నియాలో వకాలతు చేసిన రోజుల్లో, ఆ కాలపు సమాజం చిన్నచూపు చూసిన చైనా వలస కూలీల తరఫున కూడా ఆయన వాదించారు. 1933లో తొలి మేసన్ నవల వెలువడింది. దాదాపు ప్రతి కథా ఒకే దారిలో నడుస్తుంది. ఒక హత్య జరుగుతుంది. నేరం ఒక అమాయకుడి మీద పడుతుంది. సాక్ష్యాలన్నీ అతనికి వ్యతిరేకంగా నిలుస్తాయి. మేసన్ ఒక్కొక్క సాక్షినీ ప్రశ్నిస్తూ పోతే, చివరకు అసలు నేరస్థుడే బోనులోనో ప్రేక్షకుల వరుసలోనో లేచి నేరం ఒప్పుకుంటాడు.

అయితే మమ్మల్ని ఎక్కువగా కదిలించినది ఈ దారి తప్పిన ఒక భాగం. దాని పేరు 'ద కేస్ ఆఫ్ ద డెడ్లీ వర్డిక్ట్'. 1963 అక్టోబరులో ప్రసారమైంది. అది ముగియవలసిన చోట మొదలవుతుంది. జ్యూరీ తీర్పు చెబుతుంది: దోషి. మేసన్ ఓడిపోయాడు. అతని కక్షిదారు జానిస్ బార్టన్ అనే యువతికి మరణశిక్ష. దాదాపు ఎప్పుడూ గెలుపే చూసిన ప్రేక్షకులకు అది పిడుగుపాటు. ఆ తర్వాతి కథంతా ఆ తీర్పు అమలయ్యేలోగా నిజాన్ని వెదికే పరుగు. ఆమె నిర్దోషి అని మేసన్ నమ్మాడు. తీర్పు వచ్చింది గనుక తన పని అయిపోయిందని అనుకోలేదు.

టీవీ ఆపిన తర్వాత నానీమా అడిగారు: "అంత పేరున్న వకీలు ఉండి కూడా ఆ పిల్లను మొదటే ఎందుకు కాపాడలేకపోయాడు బేటా?"

లా చదివే మా పిల్లవాడు చెప్పిన జవాబు మాకు ఆలోచింపదగినదిగా తోచింది. ఆ యువతి తన వకీలుకే అన్నీ చెప్పలేదు. దాచిన సంగతి వల్ల వకీలు చేతులు కట్టివేసినట్లయింది. మన ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. పరువు పోతుందని, బంధువులు నలుగురిలో పలుచన అవుతారని, మాట బయటికి పొక్కుతుందని వకీలు దగ్గర సగమే చెబుతాము. మిగతా సగం అవతలి పక్షం వకీలు నిండు కోర్టులో బయటికి తీస్తాడు. కక్షిదారు తన వకీలుకు చెప్పిన మాటను అతని అనుమతి లేకుండా బయటపెట్టరాదని మన చట్టం వకీలును కట్టడి చేస్తుంది. జరగబోయే నేరానికి సహకరించమని కోరితే మాత్రం ఆ రక్షణ వర్తించదు. జరిగిపోయిన దాని గురించి భయం లేకుండా చెప్పుకోగల చోటు అది. ఆ చోటును వాడుకోకపోవడం మన నష్టమే.

టీవీ కోర్టుకూ మన కోర్టుకూ ఉన్న తేడాలను కూడా ఆ రాత్రి లెక్కవేశాము. మన దేశంలో ఇప్పుడు జ్యూరీ లేదు. 1959 నాటి నానావతీ కేసు తర్వాత ఆ పద్ధతి మీద నమ్మకం సన్నగిల్లింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటే లేకుండా పోయింది. సాక్ష్యాన్ని తూచేది న్యాయమూర్తి ఒక్కరే. సెషన్స్ కోర్టు మరణశిక్ష విధిస్తే హైకోర్టు ధ్రువీకరించే వరకు దానిని అమలు చేయడానికి వీలు లేదు. ఇక నేరం ఒప్పుకోవడం అన్నది మన చట్టం ఎంతో అనుమానంగా చూసే విషయం. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయరాదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. 2024 జూలై 1 నుండి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమూ ఆ నియమాన్ని నిలుపుకొంది. మెజిస్ట్రేటు ఎదుట ఒప్పుకోదలచినా, అలా ఒప్పుకోవలసిన అవసరం లేదని, ఒప్పుకుంటే అది నీకే వ్యతిరేకంగా ఉపయోగపడవచ్చునని ముందుగా హెచ్చరించాలి. మనిషి చేత మాట అనిపించడం సులువని, ఆ మాట నిజమని తేల్చడం కష్టమని చట్టం రాసినవారికి తెలుసు.

చొక్కా ఎటు చిరిగింది?

నానీమా ఈ చర్చ అంతా విని, యూసుఫ్ అలైహిస్సలాం చొక్కాను గుర్తు చేశారు. మన పిల్లలందరూ విన్న గాథే. అయినా న్యాయస్థానం కోణం నుండి చూస్తే అందులో మేము ఇంతకుముందు అంతగా పట్టించుకోని సంగతులు మూడు కనిపించాయి.

మొదటిది, అక్కడ నింద మోపిన స్త్రీ పలుకుబడి గలది. నింద పడినవాడు ఆ ఇంట్లో కొనితెచ్చుకున్న బానిస. మాటకు మాట నిలబెడితే గెలుపు ఎవరిదో చెప్పనక్కరలేదు. అప్పుడు ఆమె బంధువుల్లోనే ఒక వ్యక్తి, మాటలను పక్కనపెట్టి వస్తువును చూడమన్నాడు. చొక్కా ముందువైపు చిరిగితే ఆమె చెప్పినది నిజం, వెనుకవైపు చిరిగితే అతడు చెప్పినది నిజం. చొక్కా వెనుకవైపే చిరిగి ఉంది. తన బంధువు పక్షాన నిలబడక, పరీక్షకు నిలబడే ఆధారాన్ని చూపిన ఆ సాక్షి పేరు కూడా ఖుర్ఆన్ చెప్పలేదు.

రెండవది మరింత బాధాకరం. నిదర్శనాలన్నీ చూసిన తర్వాత కూడా యూసుఫ్‌ను కొంతకాలం జైలులో ఉంచడమే మంచిదని వారికి తోచింది. నిజం తెలియక వేసిన శిక్ష కాదు అది. తెలిసీ, పెద్దింటి పరువు కోసం వేసిన శిక్ష.

మూడవది, ఏళ్ల తర్వాత రాజు పిలుపు వచ్చినప్పుడు ఆయన చెర విడిచి పరుగెత్తలేదు. ముందు ఆ స్త్రీల సంగతి విచారించమని కబురు పంపారు. క్షమాభిక్షగా దొరికే విడుదల ఆయనకు అక్కరలేదు. నిర్దోషి అని నలుగురిలో తేలిన తర్వాతే అడుగు బయట పెట్టారు. జైలు తలుపు తెరుచుకోవడం వేరు, పేరు మీది మచ్చ తొలగడం వేరు. సంవత్సరాల తరబడి విచారణ ఖైదీగా ఉండి వచ్చిన బిడ్డ ఉన్న ఇంటిని అడిగితే ఈ తేడా ఏమిటో చెబుతారు. పెళ్లి సంబంధం మాట్లాడబోతే, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టబోతే, అద్దె ఇల్లు అడగబోతే ఆ మచ్చ ముందుగా వెళ్లి కూర్చుంటుంది.

మా ఇంటి సాక్షి

మేము తణుకు చేరడానికి కారణం కూడా ఒక సాక్ష్యమే. పిల్లలకు ఈ కథ ముక్కలు ముక్కలుగా తెలుసు. పూర్తిగా చెప్పుకున్నది ఆ రాత్రే.

కొల్లేరు చుట్టూ చేపల చెరువుల వ్యాపారం బాగా సాగుతున్న కాలం. మా బడే అబ్బా ఆకివీడు వైపు ఒక ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవారు. ఒక రాత్రి పక్కనున్న చెరువు గట్టు మీది డీజిల్ ఇంజను పోయింది. అనుమానం అక్కడ కాపలా ఉండే లంక గ్రామపు యువకుడి మీద పడింది. అదే రాత్రి బడే అబ్బా పని ముగించుకుని గట్టు మీదుగా నడిచి వస్తూ, కాలువలో ఒక దోనె వెళ్లడం చూశారు. గడ వేస్తున్న మనిషి ఆకారం కనిపించింది. ముఖం కనిపించలేదు. పోలీసులు అడిగినప్పుడు ఇంతే చెప్పారు.

కేసు విచారణకు వచ్చే నాటికి, వారు రాసుకున్న వాంగ్మూలంలో ఆయన ఆ యువకుణ్ణి గుర్తుపట్టినట్లు ఉంది. దర్యాప్తులో రాసుకునే అటువంటి వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోరాదని చట్టమే అంటుంది. అందుచేత తన పేరున ఏమి రాశారో కోర్టు మెట్లు ఎక్కే వరకు ఆయనకు తెలియలేదు. చెరువు యజమాని ఐస్ ఫ్యాక్టరీకి పెద్ద ఖాతాదారు. ముందురోజు సాయంత్రం ఫ్యాక్టరీ యజమాని ఆయనను పిలిచి మెత్తగానే చెప్పారట: "రాసినదే చెప్పండి సాహెబుగారూ, కొత్తగా కల్పించమనడం లేదు కదా."

బోనులో నిలబడి ప్రమాణం చేసి, చూసినది చూసినట్లు చెప్పారు. దోనె చూశాను, మనిషిని చూశాను, ముఖం చూడలేదు. ప్రభుత్వ వకీలు ఆయనను ప్రతికూల సాక్షిగా ప్రకటించమని కోరి ఎదురు ప్రశ్నలు వేశారు. ఎంత దూరం? వెన్నెల ఉందా? ముద్దాయి మీకు డబ్బు ఇచ్చాడా? బంధువా? ఏ ప్రశ్నకూ ఆయన ఒక మాట పెంచలేదు, ఒక మాట తగ్గించలేదు. తర్వాతి కాలంలో ఆ రోజును తలచుకున్నప్పుడల్లా, నిజం చెప్పినవాడికి కోర్టులో దొరికిన బిరుదు అది అని నవ్వేవారు.

ఆ యువకుడు నిర్దోషిగా విడుదలయ్యాడు. మూడు నెలలలోపే బడే అబ్బాకు ఫ్యాక్టరీలో పని లేకుండా పోయింది. కారణం ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. భార్యాబిడ్డలను, ఒక చెక్క బీరువాను తీసుకుని తణుకు వచ్చి, గోస్తనీ కాలువకు దగ్గరలో పుస్తకాలూ పలకలూ అమ్మే చిన్న దుకాణం పెట్టారు. మొదటి రెండేళ్లు ఇంట్లో ఒక పూట అన్నం, ఒక పూట గంజి అని నానీమా చెబుతారు. మా తరం చదువులు ఆ దుకాణం మీదనే సాగాయి.

ఇది టీవీ కథ అయితే అసలు దొంగ కోర్టు హాల్లోనే లేచి నిలబడి ఉండేవాడు. ఇంజను ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. ఆ యువకుడు మళ్లీ కనిపించలేదు, కృతజ్ఞత చెప్పడానికీ రాలేదు. దాని గురించి ఒకసారి అడిగితే బడే అబ్బా అన్న మాట మా ఇంట్లో అందరికీ గుర్తుంది: "నేను అతని కోసం చెప్పలేదు కదా." నిజానికి అతడు నిర్దోషి అని కూడా ఆయన ఎన్నడూ అనలేదు. ఆ సంగతి తనకు తెలియదు కనుక. తెలిసినంత చెప్పి ఆగిపోవడమే సాక్షి పని. మీ మీద గాని, తల్లిదండ్రుల మీద గాని, బంధువుల మీద గాని వచ్చి పడినా సాక్ష్యం విషయంలో న్యాయం మీదే నిలబడమని నిసా సూరా బోధిస్తుంది. ధనికుడని మొగ్గవద్దు, పేదవాడని జాలితో వంగవద్దు అని కూడా ఆ బోధలోనే ఉంది. యజమానికి భయపడి ఒక మాట పెంచడం ఎంత తప్పో, పేదవాడి మీద దయతో చూడనిది చూశాననడమూ అంతే తప్పు.

తెనాలి తల్లి

ఆ టీవీ కథలోని తీర్పు వంటిది మనకు దగ్గరలోనే జరిగింది. 2007 డిసెంబరు 27న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో, ఒక హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుకుంటున్న తెనాలి ముస్లిం బాలిక హత్యకు గురైంది. ఆ బిడ్డ పేరు పత్రికలు ఎన్నోసార్లు రాశాయి. మేము రాయము. రాష్ట్రమంతా అట్టుడికింది. 2008 ఆగస్టులో ఒక పేద యువకుణ్ణి నిందితుడిగా అరెస్టు చేశారు. 2010లో విజయవాడలోని మహిళా కోర్టు అతణ్ణి దోషిగా నిర్ధారించి శిక్ష విధించింది. లోకం దృష్టిలో కథ ముగిసింది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు మాత్రం ముగియలేదు. ఈ యువకుడు నేరస్థుడు కాడని, అసలు దోషులు వేరే ఉన్నారని వారు మొదటి నుండి బహిరంగంగా చెబుతూనే వచ్చారు. ఒక్క క్షణం ఆ తల్లి స్థానంలో నిలబడి ఆలోచించండి. కడుపుకోతతో ఉన్న మనసుకు ఎవరో ఒకరికి శిక్ష పడిందన్న మాట ఎంతో కొంత ఊరట. ఆ ఊరటను చేతికి అందిస్తుంటే ఆమె వద్దన్నారు. తన మతం వాడు కాని, తనకు ఏమీ కాని ఒక పేద బిడ్డ తరఫున మాట్లాడారు. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అప్పటికి అతని యౌవనంలో ఎనిమిదేళ్లకు పైగా జైలులో గడిచిపోయాయి. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. పదేళ్లు దాటాక దర్యాప్తు మళ్లీ మొదటికి వచ్చింది. 2019 డిసెంబరులో తెనాలి ఖబరస్తానులో ఆ బిడ్డ సమాధిని తవ్వి మరోసారి పరీక్ష జరిపారు.

తప్పు మనిషికి శిక్ష పడితే రెండు ఇళ్లకు అన్యాయం జరుగుతుంది. ఒక ఇంటి కొడుకు నిష్కారణంగా చెరలో ఉంటాడు. మరో ఇంటి కూతురి హంతకుణ్ణి వెదకడం ఆగిపోతుంది. ఆ తల్లి ఈ రెండూ చూడగలిగారు. మా ఇంటి ఆడపిల్లలకు పెర్రీ మేసన్ కంటే ఆమెను గురించి ఎక్కువ చెప్పాలని మేము అనుకున్నాము.

మేసన్‌ను సృష్టించిన గార్డ్‌నర్ కూడా కథలతో ఆగలేదు. 1948లో ఒక పత్రిక అండతో 'కోర్ట్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్' అనే ప్రయత్నం ప్రారంభించారు. అన్యాయంగా శిక్ష పడిందని అనిపించిన ఖైదీల కేసులను వకీళ్లు, దర్యాప్తు నిపుణులు, వైద్య నిపుణులు కలిసి మళ్లీ పరిశీలించేవారు. కొందరు నిర్దోషులు బయటికి వచ్చారు. తీర్పు తర్వాత కూడా చేయవలసిన పని ఉంటుందని ఆయన తన జీవితంలో చూపారు.

అంతటి పని మనకు సాధ్యం కాకపోవచ్చు. సాధ్యమైనవి కొన్ని ఉన్నాయి. అరెస్టయిన వ్యక్తికి తనకు నచ్చిన వకీలుతో సంప్రదించే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది. ప్రయాణ సమయాన్ని మినహాయించి 24 గంటలలోగా అతణ్ణి మెజిస్ట్రేటు ఎదుట హాజరు పరచాలి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 15100 అనే నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. అప్పు చేసి దళారీ చేతిలో డబ్బు పోసే ముందు ఈ నంబరు గుర్తుకు రావాలి. మా ఇంట్లో దాన్ని ఫ్రిజ్ తలుపు మీద, గ్యాస్ ఏజెన్సీ నంబరు పక్కన అంటించాము.

మరొకటి డబ్బు అక్కరలేనిది, కానీ అన్నిటికంటే కష్టమైనది. అబద్ధపు సాక్ష్యం గురించి చెప్పేటప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆనుకుని కూర్చున్నవారు లేచి నిటారుగా కూర్చుని, ఆ మాటను మళ్లీ మళ్లీ పలికారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. సాక్ష్యం కోర్టు బోనులోనే చెప్పనక్కరలేదు. పెళ్లి సంబంధం గురించి ఎవరో వాకబు చేసినప్పుడు, పనిమనిషి మీద దొంగతనం మోపినప్పుడు, ఫోనులో వచ్చిన ఫొటోను చూపి వీడేనట అన్నప్పుడు మనం చెప్పేదీ సాక్ష్యమే. అటువంటప్పుడు మా ఇంట్లో ఇప్పుడు ఎవరో ఒకరు అడుగుతున్నారు: "దోనె చూశావా, ముఖం చూశావా?" పిల్లలు నవ్వుతూనే అడుగుతారు. జవాబు చెప్పవలసినవారు మాత్రం కాసేపు ఆగి, చూసినదెంతో లెక్క చూసుకుంటున్నారు.